మాస్టరుగారింటి రేటు

పొద్దున్నే కాఫీ కప్పు కోసం చెయ్యి చాపుతూ మాస్టరు నోరు జారాడు.

"మూడో మిషనూ, పంచదార తక్కువైంది," అన్నాడు.

సింకు దగ్గర పళ్ళు తోముకుంటున్న కూతురు నోట్లో బ్రష్షుతోనే పకాలున నవ్వింది. తల్లి నవ్వలేదు, అలాగని కోపమూ తెచ్చుకోలేదు. పంచదార డబ్బా తెచ్చి ఆయన ముందు ఠపీమని పెట్టి, మూడో మిషను డ్యూటీ ఎక్కడానికి ఇంకా టైముందని, అందాకా ఎవరి పంచదార వాళ్ళే కలుపుకోవాలని చెప్పింది. మాస్టరు నాలుక్కరుచుకుని చెంచా అందుకున్నాడు.

ఈ మూడో మిషను సంగతేమిటో ముందే చెప్పుకుంటే మంచిది. ఊళ్ళో పేరున్న కోట్ల షాపులో ఆయన కటింగ్ మాస్టరు. గుడ్డ మీద సుద్దతో గీసి, కత్తెర పట్టి కోసేది ఆయనే. ఆయన కోసిన ముక్కల్ని కోట్లుగా కుట్టేవాళ్ళు హాల్లో రెండు వరసల్లో కూర్చుంటారు. కిటికీ వైపు మగవాళ్ళు, గోడ వైపు ఆడవాళ్ళు. గోడ వైపు మూడో మిషను మీద కూర్చునేది ఆయన భార్యే. మిషన్ల మోతలో పేర్లు వినపడవని ఆ హాల్లో అందరినీ నంబర్లతోనే పిలుస్తారు. తను మాస్టరు అయిన కొత్తలో, నలుగురిలో పెళ్ళాన్ని "ఏమేవ్" అని కేకేస్తే బాగుండదని ఆయన ఆవిణ్ణి కూడా నంబరుతోనే పిలవడం మొదలుపెట్టాడు. ఆవిడ ఆయన్ని "మాస్టరుగారూ" అంటుంది. కొత్తగా చేరినవాళ్ళకి వీళ్ళిద్దరూ మొగుడూ పెళ్ళాలని తెలియడానికి చాలా రోజులు పడుతుంది. ఆ సంగతి ఆయన గర్వంగా చెప్పుకుంటాడు. షాపులో తనకి ఇంటిమనిషి, పైమనిషి అనే తేడా లేదంటాడు. వినడానికి బాగానే ఉంటుంది. నంబరు పెట్టి పిలిపించుకునేది ఆయన కాదు కదా.

ఆ రోజు ఆయన మంచి హుషారుగా ఉన్నాడు. కూతురు మొహం కడుక్కుని వచ్చి బల్ల దగ్గర కూర్చునేదాకా ఆగి, ఒక గుక్క తాగి, అప్పుడు బయటపెట్టాడు. తన కింద పనిచేసిన అసిస్టెంటు మానేసి వెళ్ళిపోయాక కటింగ్ బల్ల దగ్గర ఒక చోటు ఖాళీగానే ఉండిపోయింది. నిన్న సాయంత్రం ఓనరు తనని గదిలోకి పిలిచి, ఆ చోట్లో మీ అమ్మాయిని పెట్టుకుందాం అన్నాడట.

ఇంట్లో కూతుర్ని సుద్దముక్క అంటారు. సరిగ్గా నడక రాకముందే తండ్రి జేబులోంచి సుద్ద లాక్కుని గచ్చు మీదా, తలుపుల మీదా, ఒకసారి పక్కింటివాళ్ళ కొత్త స్కూటరు మీదా గీతలు గీసిన ఘనత ఆమెది. పెద్దయ్యాక పట్టుబట్టి కటింగ్ కోర్సు చదివింది. చదివి బయటికొచ్చాక ఏ షాపుకి వెళ్ళినా కుట్టు మిషను చూపించారు తప్ప కత్తెర చేతికివ్వలేదు. తండ్రి షాపులోనూ అంతే. ఆ హాల్లో ఆడది కోటు కుట్టచ్చు, కాజాలు తియ్యచ్చు, ఇస్త్రీ చెయ్యచ్చు, కటింగ్ బల్ల కింద రాలిన పీలికలు ఊడవచ్చు. బల్ల మీదికి మాత్రం చెయ్యి వెళ్ళకూడదు. ఎవరూ గోడ మీద రాసి పెట్టలేదు, కానీ అందరికీ తెలుసు.

అందుకే ఆ మాట వినగానే లేచి తల్లి భుజాలు పట్టుకుని వంటింట్లో ఒక చుట్టు గిర్రున తిప్పింది. తల్లి చేతిలో గరిటెతోనే తిరిగింది. తర్వాత కూతురు కూర్చుని, ఊపిరి తీసుకుని, మామూలుగానే అడిగింది జీతం ఎంతని.

మాస్టరు కప్పులోకి చూశాడు. "ఆడవాళ్ళ వరస రేటే. మీ అమ్మకొచ్చేదే నీకూ వస్తుంది."

"మానేసిన ఆయనకీ అంతే ఇచ్చేవారా?"

ఆ అసిస్టెంటుకి ఇచ్చింది కిటికీ వైపు రేటు, దానిమీద ఇంకొంత. గోడ వైపు రేటు దానిలో సగానికి కాస్త ఎక్కువ, అంతే. అతనూ సుద్దముక్క చదివిన చోటే చదివాడు. ఇవన్నీ ఇంట్లో ముగ్గురికీ తెలిసినవే.

"అదే బల్ల, అదే కత్తెర. మరి నాకెందుకు తక్కువ నాన్నా?"

"నువ్వు నా కూతురివి కాబట్టి," అన్నాడు మాస్టరు. "మాస్టరు తన కూతురికి పైరేటు ఇప్పించుకున్నాడని ఎవరైనా ఒక్క మాటంటే నేను ఆ హాల్లో తలెత్తుకోగలనా? మీ అమ్మ కిటికీ వైపు వాళ్ళతో సమానంగా కోట్లు కుడుతుంది. ఒక్కనాడైనా ఆవిడకి ఎక్కువ ఇమ్మన్నానా? అందుకే అక్కడ నా మాటకి విలువుంది."

సుద్దముక్క తల్లి వైపు తిరిగింది. తల్లి మాత్రం భర్త పక్షమే మాట్లాడింది. ముందు చేరమంది. కాలు మోపడానికి చోటు దొరికితే తర్వాత మెల్లిగా పైకి రావచ్చంది. నువ్వు చేరి ఎన్నేళ్ళయిందమ్మా, ఎంత పైకొచ్చావు అని కూతురు అడిగేసరికి ఆవిడ పొయ్యి వైపు తిరిగి ఏదో సర్దడం మొదలుపెట్టింది. అక్కడ సర్దడానికేమీ లేదు.

"నేను మధ్యాహ్నం షాపుకొచ్చి ఓనరుగారికి నేనే చెప్తాను. ఈ రేటుకి రానని," అంది సుద్దముక్క.

"నువ్వు కాదన్నావంటే ఆ బల్ల దగ్గరికి ఇంకో ఆడపిల్లని రానివ్వరు. మొదటిసారి తలుపు తెరిచారు, నీ చేత్తో నువ్వే మూసేస్తావా?" అన్నాడు మాస్టరు.

"ఈ రేటుకి నేను లోపలికొస్తే నా వెనక వచ్చే ప్రతి ఆడపిల్లకీ ఇదే రేటు నాన్నా. నన్ను చూపించి వాళ్ళకిస్తారు."

నోరు బాగా పెరిగిందని, కోర్సులో కటింగ్ కంటే అదే ఎక్కువ నేర్పారని గొణుగుతూ మాస్టరు లేచి చెప్పులు వేసుకున్నాడు. కప్పులో కాఫీ సగం అలాగే మిగిలిపోయింది.

ఆ రోజు పొద్దుటి పూటంతా తల్లికి పని మీద మనసు నిలవలేదు. ఒక పెద్ద హోటలు వాళ్ళు తమ సిబ్బందికి కోట్లు కుట్టమన్నారు, ముదురు నీలం రంగువి. కుట్టడం పూర్తయినవన్నీ హాలు మధ్యలో పొడవాటి రాడ్డుకి వేలాడుతున్నాయి. ఆవిడ కుట్టిన కోటు విప్పి మళ్ళీ కుట్టాల్సిన అవసరం ఏనాడూ రాలేదు, ఆ రోజు కోటు చెయ్యి ఒకటి తిరగేసి కుట్టేసింది. చూసుకుని తనలో తనే తిట్టుకుని విప్పింది. ఉద్యోగం కాళ్ళ దగ్గరికి వస్తే తన్నేస్తున్న కూతురి మీద కోపం. ఆ కోపం కింద ఇంకేదో ఉంది, దాని జోలికి వెళ్ళడం ఆవిడకి ఇష్టంలేదు.

భోజనాల వేళకి ఆడవాళ్ళంతా ఇస్త్రీ బల్లల వెనక గుడ్డల మూటల మీద కూర్చుంటారు. తల్లి ఎప్పుడూ కాజాలక్క పక్కనే కూర్చుంటుంది. కాజాలక్క చేత్తో కాజాలు తీస్తుంది, మిషను మీద తీసినవాటిని చూస్తే ముక్కు విరుస్తుంది. భర్త పోయాక ముగ్గురు పిల్లల్ని ఆ సూదితోనే పెంచుకొచ్చింది. తల్లి డబ్బా మూత తీస్తూ పొద్దుటి గొడవంతా చెప్పుకుంది. చెప్పి, ఈ కాలం పిల్లలకి తొందరెక్కువ కదక్కా అని నిట్టూర్చింది, అవునంటుందని.

కాజాలక్క నోట్లో ముద్ద నమలడం ఆపింది.

"మంచి పని చేసింది నీ కూతురు," అంది. "నువ్వు ఎప్పుడో చెయ్యాల్సింది."

తల్లికి అర్థం కాలేదు. తనకి తక్కువ వస్తే అది తన ఇంటి సంగతి, మిగతావాళ్ళకేం సంబంధమని అడిగింది. కాజాలక్క చుట్టూ చూసింది. మిగతావాళ్ళు డబ్బాల్లోకి తలలు దించుకున్నారు. ఇన్నాళ్ళూ నీకు బాధని చెప్పలేదు, ఇవాళ నువ్వే కదిపావు కాబట్టి విను అని, కాజాలక్క మొత్తం చెప్పేసింది. ఆడవాళ్ళంతా కలిసి ఓనరు గదికి వెళ్ళి రేటు పెంచమని చాలాసార్లు అడిగారు. తల్లిని పిలవలేదు, మాస్టరు భార్య కదా, ఇరకాటంలో పడుతుందని. వెళ్ళిన ప్రతిసారీ ఓనరు నవ్వుతూ ఒకే మాట అన్నాడు. మాస్టరుగారి ఇల్లాలు ఆ రేటుకే కుడుతోంది, ఆవిడ కంటే మీరు బాగా కుడతారా అని. ఆ మాటకి తలలు దించుకుని వచ్చేశారు. కాలర్లు పెట్టడంలో ఆ హాల్లోనే సాటిలేని ఒకామె ఈ రేటుతో ఇల్లు గడవక, కుట్టు మానేసి ఆఫీసుల్లో నేల తుడవడానికి పోయింది. అక్కడ ఇంతకంటే ఎక్కువ ఇస్తారట.

"మా జీతాన్ని మేం ఏమంటామో తెలుసా?" అంది కాజాలక్క. "మాస్టరుగారింటి రేటు."

తల్లి డబ్బా మూత పెట్టేసింది. ఒక్క ముద్ద కూడా తినలేదు. ఇన్నేళ్ళూ ఆవిడ తను గొప్పదాన్ననుకుంది. భర్త పరువు కోసం తన జీతంలో కోత భరిస్తున్నానని, అది తన ఒక్కదాని కష్టమని, ఎవరికీ చెప్పకపోవడమే మంచితనమని అనుకుంది. ఇప్పుడు చూస్తే తను నోరు మూసుకున్న ప్రతి రోజూ ఇక్కడ కూర్చున్న వీళ్ళందరి నోళ్ళూ మూతపడ్డాయి. ఏడుపొచ్చింది ఆవిడకి. దాని వెనకాలే అంతకంటే పెద్దగా కోపమొచ్చింది.

గంట మోగింది. అందరూ వెళ్ళి కూర్చున్నారు. మిషన్లు ఒక్కొక్కటే అందుకున్నాయి. మూడో మిషను మాత్రం మోగలేదు. ఆవిడ తన కుర్చీ పక్కన నిలబడే ఉంది.

మాస్టరు బల్ల దగ్గర్నుంచి తలెత్తాడు. "మూడో మిషను, ఏమైంది? సూది విరిగిందా?"

"ఏమండీ," అంది ఆవిడ.

గట్టిగా అరవలేదు. కానీ ఆ హాల్లో ఆ పిలుపు ఎవరూ ఎప్పుడూ వినలేదు. చుట్టుపక్కల మిషన్లు ఆగాయి, వాటిని చూసి అవతలి వరసవీ ఆగాయి.

"ఏమండీ, నా జీతం ఎందుకు తక్కువో అందరి ముందూ చెప్పండి," అంది.

మాస్టరు గబగబా దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి, ఇంటి విషయం ఇంటి దగ్గర చూసుకుందామన్నాడు.

"ఇంటి విషయమనే నేనూ అనుకున్నాను. నా రేటు చూపించి ఓనరుగారు వీళ్ళందరినీ గుమ్మంలోంచే వెనక్కి పంపించారు. మీకు తెలుసా ఈ సంగతి?"

ఆయనకి తెలియదు. మొహం చూస్తేనే అర్థమైపోయింది. అది చూసి ఆవిడకి కొంచెం ఊరటగా అనిపించింది, అయినా కుర్చీలో కూర్చోలేదు.

చప్పుడు ఆగిపోయేసరికి ఓనరు గదిలోంచి బయటికొచ్చాడు. మొహం మీద నవ్వు చెరగని మనిషి. మనమంతా ఒకే కుటుంబం అనేది ఆయన ఊతపదం. ఆ కుటుంబంలో ఆడవాళ్ళ వాటా దగ్గరికొచ్చేసరికి ఆయనకి లెక్కలు తప్పుతుంటాయి, అంతే. ఏమిటి గొడవని ఆప్యాయంగానే అడిగాడు. తల్లి ఆయన్ని చూసి, మధ్యలో రాడ్డు వైపు చెయ్యి చాపింది.

"ఇందులో ఏ కోటు కిటికీ వైపు కుట్టిందో, ఏది గోడ వైపు కుట్టిందో తీసి చూపించండి. చూపిస్తే నా మిషను మీద నేను కూర్చుంటాను. ఇంకెప్పుడూ నోరెత్తను."

ఓనరు నవ్వుతూనే ముందుకొచ్చాడు. ఒక కోటు చెయ్యి పట్టుకుని చూశాడు, ఇంకోదాని లోపలి కుట్టు తిరగేసి చూశాడు. తర్వాత రెండూ వదిలేసి, కుట్టు ఒక్కటే చూస్తే ఎలాగమ్మా, మగవాళ్ళు ఇల్లు నడపాలి కదా అన్నాడు.

"నా ఇల్లు ఎవరు నడుపుతున్నారనుకున్నారు?" అంది వెనక నుంచి కాజాలక్క.

గోడ వైపు నవ్వులు లేచాయి. కిటికీ వైపు కూడా ఒకరిద్దరు నవ్వు ఆపుకోలేకపోయారు. ఓనరు మొహం మీద నవ్వు అప్పుడు పోయింది. ఆడవాళ్ళని వదిలేసి మాస్టరు మీదికి తిరిగాడు.

"నువ్వు మాస్టరైన రోజే మీ ఆవిడకి కిటికీ రేటు ఇస్తానన్నానా లేదా? వద్దన్నది నువ్వు కాదూ? మా ఇంటిదానికి ఎక్కువిస్తే నాకు మాటొస్తుందని బతిమాలింది నువ్వు కాదూ? ఇప్పుడు పెళ్ళాన్ని నా మీదికి ఎగదోస్తావా?"

తల్లికి ఇది తెలియదు. అడగలేదనే తెలుసు. ఇస్తానంటే వద్దన్నాడని తెలియదు. ఆవిడ భర్త వైపు చూసింది. ఆయన తల దించుకున్నాడు. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి, తుడుచుకోలేదు.

వీధి గుమ్మం దగ్గర సుద్దముక్క నిలబడి ఉంది. ఓనరుకి రానని చెప్పడానికి వచ్చి, కోట్లు చూపించమన్నప్పటి నుంచీ అక్కడే ఆగిపోయింది. ఓనరు ఆ పిల్లని చూశాడు, రాడ్డుకున్న కోట్లని చూశాడు, ఇంకా కుట్టాల్సిన గుడ్డ గుట్టని చూశాడు. హోటలు వాళ్ళకి మాటిచ్చిన రోజు దగ్గరపడుతోంది. ఆయన మాస్టరు భుజం మీద చెయ్యి వేసి గొంతు మెత్తగా చేశాడు. మిషన్లు ఆగి ఉన్నాయి కాబట్టి ఆ మెత్తని గొంతు కూడా అందరికీ వినపడింది.

"సరే, తెగేదాకా లాగడమెందుకు. మీ ఆవిడకి కిటికీ రేటు ఇస్తాను. అమ్మాయికి ఆ అసిస్టెంటుకి ఇచ్చిందే ఇస్తాను. మీ ఇంటివరకూ తేలిపోయింది. మిగతావాళ్ళని పని చేసుకోమని చెప్పు."

సుద్దముక్క కాలు ఒక అడుగు ముందుకు పడింది. పొద్దున్న తను అడిగింది సరిగ్గా ఇదే. కటింగ్ బల్ల ఎదురుగా ఉంది, దానిమీద కత్తెర ఉంది, రేటూ ఉంది. తర్వాత ఆమె కాజాలక్క మొహం చూసింది. కాజాలక్క అలవాటైపోయిన మనిషిలాగా మళ్ళీ సూది అందుకోబోతోంది. సుద్దముక్క అడుగు వెనక్కి తీసుకుంది. ఈసారి జవాబు ఆయనే చెప్పాలని తల్లి మొగుడి వైపే చూస్తూ నిలబడింది.

మాస్టరు మెడలో వేలాడుతున్న టేపు తీసి బల్ల మీద పెట్టాడు.

"పక్షపాతం చూపించానని ఎవరైనా అంటారేమోనని ఇన్నేళ్ళూ భయపడ్డానండీ," అన్నాడు. "ఆ భయంతో నా పెళ్ళాం కష్టాన్ని నేనే తగ్గించి కట్టాను. పొద్దున్న నా కూతురికీ అదే చెప్పాను. ఇప్పుడు మా ఇంటివాళ్ళకి మాత్రమే మీరిస్తే, నేను తీసుకుంటే, అసలైన పక్షపాతం అదే. ఇస్తే రెండు వరసలకీ ఒకటే రేటు ఇవ్వండి. లేకపోతే మా ఇంటికీ వద్దు, ఈ కత్తెర నాకూ వద్దు."

మాస్టర్లు ఊళ్ళో ఇంకా చాలామంది ఉన్నారని ఓనరు అన్నాడు. ఉన్నారని మాస్టరు ఒప్పుకుని, బయటికి నడిచాడు. తల్లి తన సంచీ తీసుకుంది. కాజాలక్క సూదులన్నీ గుడ్డకి గుచ్చి, మడిచి, లేచింది. గోడ వైపు వరసంతా లేచింది. కిటికీ వైపు చాలామంది కదల్లేదు, వాళ్ళది పెంచితే మనది కోస్తారని ఒకాయన పక్కవాడితో అన్నాడు కూడా. అందరికంటే పెద్దవాడు, పళ్ళు లేని ఒకాయన మాత్రం మిషను మీద గుడ్డ కప్పేసి, నా ఎదురు వరసలో నలభై ఏళ్ళ నుంచి ఆడవాళ్ళు కుడుతున్నారు, వాళ్ళకి నాకంటే తక్కువిస్తున్నారని తెలిసి కూడా కూర్చున్నాను అంటూ వాళ్ళతో పాటే మెట్లు దిగాడు.

ఇంటికొచ్చాక మాస్టరు చొక్కా కూడా మార్చుకోకుండా వంటింటి గడప మీద కూలబడ్డాడు. సుద్దముక్క నీళ్ళు తెచ్చి పెడితే తాగలేదు. ఆయన ఏడుస్తున్నాడని కాసేపటికిగానీ వాళ్ళకి తెలియలేదు, చప్పుడు లేకుండా ఏడుస్తున్నాడు.

"అందరూ నన్ను మంచివాడన్నారు," అన్నాడు. "ఆ మంచిపేరుకి ఖర్చు పెట్టింది నువ్వు. నిన్ను అడగకుండానే నీ దగ్గర తీసుకున్నాను."

తల్లి వెంటనే ఊరుకోపెట్టలేదు. చాలా ఇళ్ళల్లో మగవాడి కన్నీళ్ళు చూడగానే ఆడవాళ్ళు తమ కోపం మూటగట్టి అటక మీద పడేస్తారు. ఆవిడ పడెయ్యలేదు.

"ఏడవండి, నేను ఆపను," అంది. "ఇస్తానంటే వద్దన్నారు చూడండి, అది నేను ఇప్పట్లో మర్చిపోలేను. మర్చిపోయానని అబద్ధం చెప్పను కూడా." ఆవిడే మళ్ళీ అందుకుంది. "నేను తక్కువ తిన్నానా? నోరు మూసుకుని కూర్చుని అదేదో త్యాగమనుకున్నాను. కాజాలక్క పిల్లలు చిరిగిన బూట్లతో బడికి వెళ్తుంటే చూసి జాలిపడ్డాను కూడా. ఆ జాలి తలుచుకుంటే ఇప్పుడు నాకే అసహ్యమేస్తోంది."

అంటూనే ఆవిడా ఆయన పక్కన గడప మీద కూర్చుంది. మధ్యలో కాస్త ఎడం ఉంచే కూర్చుంది. కొంతసేపయ్యాక ఆయన చెయ్యి చాపితే తీసుకుంది. సుద్దముక్క వాళ్ళిద్దరి ముందూ నేల మీద కూర్చుని, ఉద్యోగాలు ముగ్గురికీ ఒకేసారి ఊడిన ఇల్లు ఊళ్ళో మనదే అయ్యుంటుంది అంది. నీకు అసలు రానే లేదు కదా ఊడటానికి అంది తల్లి. మాస్టరు ఏడుస్తూనే నవ్వాడు.

తర్వాతి రోజుల్లో షాపు తలుపులు తెరిచే ఉన్నాయి కానీ కోట్లు మాత్రం రాడ్డు మీద పెరగలేదు. ఓనరు కొత్త మాస్టర్ని తెచ్చాడు. ఆయన నాలుగు కోట్లు కోసి, కుట్టేవాళ్ళేరని అడిగి, గోడ వైపు ఖాళీగా ఉన్న వరసని చూసి, జీతం మాట్లాడకుండానే వెళ్ళిపోయాడట. పళ్ళు లేని పెద్దాయన రోజూ షాపు వైపు వెళ్ళొచ్చి ఈ కబుర్లు మోసుకొచ్చేవాడు. బయటికొచ్చినవాళ్ళలో ఇద్దరి ఇళ్ళలో పొయ్యి వెలగడం కష్టమైందని తెలిసి కాజాలక్క తన ఇంట్లోంచి సామాను పంచింది. వెనక్కి వెళ్ళిపోదామని ఒకామె అంటే, వెళ్ళు, నేను తప్పుపట్టను, కానీ ఆ రేటుకి ఇకమీదట మా ఇంటి పేరు పెట్టద్దు అంది తల్లి. ఆమె వెళ్ళలేదు.

హోటలు వాళ్ళు కోట్ల కోసం మనిషిని పంపిన రోజు సాయంత్రం ఓనరే స్వయంగా మాస్టరు ఇంటికొచ్చాడు. కుర్చీ వేస్తే కూర్చోలేదు. మొహం మీద నవ్వూ లేదు, కుటుంబం ఊసూ లేదు. రెండు వరసలకీ ఒకటే రేటని, అమ్మాయికి అసిస్టెంటుకి ఇచ్చిందేనని గడగడా చెప్పి, సంతోషమేనా అని మాస్టర్ని అడిగాడు. నన్నెందుకు అడుగుతారు, ఆవిణ్ణి అడగండి అన్నాడు మాస్టరు. తల్లి, ఎప్పటి నుంచి అని అడిగింది. ఈ హోటలు కోట్ల నుంచే అని చెప్పించుకున్నాకే కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది.

మర్నాడు పొద్దున్న హాలు నిండింది. గోడ వైపూ కిటికీ వైపూ అందరూ కూర్చున్నారు గానీ ఎవరూ మిషను తొక్కడం లేదు. అందరి కళ్ళూ కటింగ్ బల్ల మీదే ఉన్నాయి. సుద్దముక్క తన కత్తెర పట్టుకుని బల్ల ఇవతల నిలబడింది. ఆ బల్లంతా ఇన్నాళ్ళూ మాస్టరుదే. ఆయన తన గుడ్డా, నమూనా కాగితాలూ, స్కేళ్ళూ ఒక్కొక్కటే పక్కకి జరిపి, కూతురికి చోటు చేశాడు. చేసి, ఇక మొదలుపెట్టమన్నట్టు తలూపాడు.

గోడ వైపు వరసలోంచి ఆయన భార్య మెడ సాచి బల్లని ఈ చివర్నుంచి ఆ చివరిదాకా చూసింది.

"ఇంకొంచెం జరగండి," అంది హాలంతా వినపడేలా. "అది సగం కాదు."

హాలంతా గొల్లుమంది. మాస్టరు కూడా నవ్వి, కళ్ళు తుడుచుకుని, తన సామాను రెండు చేతులతో పట్టుకుని జరిగాడు.